మొదటి గడిలో పేరు

“బావా, సోమవారం నుంచి రావద్దన్నారు.”

చెల్లెలి మాట వినబడేసరికి అక్క వంటగదిలో పాలు దింపుతోంది. గిన్నె జారలేదు. పొయ్యి ఆర్పి, మూత పెట్టి, మూత సరిగ్గా కూర్చుందో లేదో వేలితో నొక్కి చూసి, అప్పుడు గోడకు చేరబడింది.

ముందుగదికీ వంటగదికీ మధ్య తలుపు లేదు. అక్కడ మాట్లాడితే ఇక్కడ వినబడుతుంది. ఆ సంగతి చెల్లెలికి తెలుసు. తెలిసీ గొంతు తగ్గించలేదు. దాచేదేమీ లేని మనిషి గొంతు అలాగే ఉంటుంది. అక్కకు అదే ఇంకా కష్టంగా ఉంది.

చెల్లెలు పొద్దున్నే ఏడింటికి వచ్చింది. తలుపు తీసింది అక్కే. “బావ లేచాడా?” అని అడిగి, పక్కనుంచి తప్పుకుని లోపలికి వెళ్ళిపోయింది. కళ్ళు ఉబ్బి ఉన్నాయి. “ఏమైందే?” అని అక్క అడగబోయేలోపే భర్త గదిలోంచి వచ్చాడు. ఇక ఆ ప్రశ్నతో పని లేకపోయింది.

“రావద్దంటే? మానెయ్యమన్నారా?”

“ఆ మాట అనలేదు. కొన్నాళ్ళు ఇంటిపట్టున ఉండండి, కబురు చేస్తాం అన్నారు. పెద్దాయనే పిలిచాడు. కూర్చోబెట్టి, కాఫీ తెప్పించి, తాగేదాకా ఆగి మరీ చెప్పాడు.”

“కాఫీ ఎలా ఉంది?”

“ఏముంటుంది, గొంతు దిగలేదు.”

“మరి తాగేదాకా ఆగాడన్నావు?”

“ఆగాడు. నేను తాగలేదు. అందుకే అంతసేపు పట్టింది.”

ఇద్దరూ నవ్వారు. చెల్లెలు ముక్కు చీదుకుంటూ నవ్వింది.

ఏడుస్తున్న మనిషిని ఒక్క మాటతో నవ్వించడం ఆయనకు చేతనవునని అక్కకు ఈ తొమ్మిదేళ్ళలో తెలియలేదు. తన ముందు ఆ విద్య ఎప్పుడూ బయటపెట్టలేదు. ఆయన ముందు తనెప్పుడూ ఏడవలేదేమో, అదీ నిజమే.

పెళ్ళయిన మొదటి వారం నుంచే చెల్లెలు ఆయన్ని ‘నువ్వు’ అంటుంది. అక్క ఇప్పటికీ ‘మీరు’ దగ్గరే ఉంది. అది గౌరవమని అందరూ అనుకుంటారు. అక్క కూడా చాలాకాలం అలాగే అనుకుంది.

“పెద్దదానా! పాలు దింపావా, గోడ పడిపోకుండా పట్టుకున్నావా?”

తల్లి తడి జుట్టు తుడుచుకుంటూ వెనక గదిలోంచి వచ్చింది. భర్త పోయాక, ఈ పదకొండు నెలలుగా ఆవిడ పెద్దకూతురి దగ్గరే ఉంటోంది.

“దింపానమ్మా.”

“అయితే తీసుకురా. అక్కడ నీ చెల్లెలు కొంప మునిగినట్టు కూర్చుంది.”

అక్క నాలుగు కప్పుల కాఫీ పళ్ళెంలో పెట్టుకుని ముందుగదిలోకి వెళ్ళింది. చెల్లెలు కిటికీ పక్క కుర్చీలో ఉంది. కళ్ళు తుడుచుకుంటున్న చేతిరుమాలు ఆయనది. నిన్న సాయంత్రం దాన్ని మడతపెట్టింది అక్కే.

“ఎందుకు రావద్దన్నారో చెప్పారా?” అంది, కప్పు అందిస్తూ.

చెల్లెలు బావ వైపు చూసింది. తర్వాత కప్పులోకి చూసింది.

“రిపోర్టు అక్కా. మీ రిపోర్టు.”

చెల్లెలు పనిచేసేది కొత్త కంపెనీలకు పెట్టుబడి పెట్టే సంస్థలో. ఊరి చివరి షెడ్లలోనూ మేడల కింద గదుల్లోనూ ఏవేవో తయారుచేసేవాళ్ళ దగ్గరికి తిరగడం ఆమె పని. వాళ్ళతో మాట కలపాలి. ఎవరి చేతిలో పస ఉందో చూసి సంస్థకు చెప్పాలి. పెట్టుబడి అందుకున్నాక వాళ్ళలో ఎవరైనా చిక్కుల్లో పడితే, చెయ్యి దాటకముందే ఆ సంగతి తెలుసుకోవాలి. “కష్టమొస్తే వాళ్ళు ముందు నాకే చెప్తారు” అన్నది ఆమె ధీమా. ఉద్యోగమంతా ఆ మాట మీదే నడుస్తోంది.

అక్క పరిశోధన కూడా ఆ మాట మీదే. పెట్టుబడివాళ్ళకూ తయారీవాళ్ళకూ మధ్య నమ్మకం ఎవరి ద్వారా నడుస్తుంది అని. మూడేళ్ళు తిరిగి నూట పన్నెండు మంది చేత ఫారాలు నింపించింది. వాళ్ళలో ఇంటి కింద గదిలో మందుల పెట్టెలు తయారుచేసే భర్తా, చెల్లెలూ కూడా ఉన్నారు. ‘వ్యాపారంలో చిక్కు వస్తే ముందుగా ఎవరితో చెప్పుకుంటారు?’ అని అందులో ఒక ప్రశ్న. దాని కింద ఐదు గడులు. మనిషికొక సున్నా చుట్టి పటం గీస్తారు. ఇద్దరు ఒకరి పేరు ఒకరు రాసుకుంటేనే వాళ్ళ మధ్య గీత పడుతుంది. ఒకరే రాస్తే పడదు.

ఆ పరిశోధన ఖర్చు పెట్టుకున్నది చెల్లెలి సంస్థే. చిత్తుప్రతి వాళ్ళకు చేరి వారమైంది.

“ఏముందిట అందులో?” అంది తల్లి.

“రెండు గుంపులున్నాయట అమ్మా. చేసేవాళ్ళది ఒకటి, డబ్బువాళ్ళది ఒకటి. మధ్యలో గీత లేదట. ఒక్కటంటే ఒక్కటి. ‘మరి ఇన్నాళ్ళూ మీరు తిరిగిన తిరుగుడంతా ఏమైందమ్మా?’ అన్నాడు పెద్దాయన.”

“గీతకీ ఉద్యోగానికీ ఏమిటే సంబంధం?”

“ఆ గీతే నా ఉద్యోగం అమ్మా.”

తల్లి పెద్దకూతురి వైపు తిరిగింది. “ఏమే, నువ్వు గీసిన బొమ్మకి దాని ఉద్యోగం ఊడడమేమిటి? మొక్కో చెట్టో గీసుకోకూడదూ?”

ఎవరూ నవ్వలేదు.

“పటం తప్పు,” అన్నాడు ఆయన. కప్పు ఇంకా ముట్టుకోలేదు. “నేను చిన్నమ్మాయి పేరు రాశాను. రాసినట్టు బాగా గుర్తు. నువ్వు నా పేరు రాశావా?”

“మొదటి గడిలోనే,” అంది చెల్లెలు.

ఎంత తేలిగ్గా అంది! కూరలు ఏ కొట్లో కొన్నావంటే చెప్పినట్టు.

“మరింకేం? ఆ ఒక్క గీతైనా పడాలి కదా. పడలేదంటే ఎక్కడో పొరపాటు జరిగింది.”

“నలుగురైదుగురు నా పేరు రాస్తారనుకున్నా అక్కా,” అంది చెల్లెలు. “వాళ్ళెవరూ రాయలేదు. సరే, నేను వట్టి మాటకారిననుకుంటా. కానీ ఉన్న ఒక్కటి ఎలా పోయింది? ప్రొఫెసరు గారితో చెప్పి ఇంకోసారి చూడమను. నేనడిగేది అంతే.”

ముగ్గురూ అక్క వైపు చూస్తున్నారు.

“ఫారాల మీద పేర్లుండవే. గుమాస్తా పేర్ల మీద కాగితం అంటించి నంబర్లు వేస్తాడు. ఎవరిది ఏ నంబరో రాసిన జాబితా ప్రొఫెసరు గారి బీరువాలో ఉంటుంది. ఏ నంబరు ఎవరిదో నాకు తెలియదు.”

పొందికగా చెప్పింది. పిల్లలకు పాఠం చెప్పినట్టు ఒక్కో మాటా తూచి చెప్పింది. అన్నీ నిజాలే, చివరిది తప్ప.

పది రోజుల కిందట ఒక మధ్యాహ్నం గుమాస్తా సెలవులో ఉన్నాడు.

“మీ ఆయన ఫారం, మీ చెల్లెలి ఫారం మాత్రం నువ్వు ముట్టుకోవద్దు అమ్మాయ్” అని ప్రొఫెసరు గారు మొదటిరోజే చెప్పారు. ముట్టుకోవాలని ఆమె అనుకోనూ లేదు. కానీ ఆ రెండూ విడిగా తీసిపెట్టే గుమాస్తా లేక, సరిచూడవలసిన కట్ట నేరుగా ఆమె బల్ల మీదికి వచ్చింది. అందులో నలభై ఒకటో ఫారం దగ్గర చెయ్యి ఆగిపోయింది.

యంత్రాల బొమ్మలు గీసే చేతి రాత. ప్రతి అక్షరమూ కొలిచి గడిలో కూర్చోబెట్టినట్టు ఉంటుంది. కరెంటు మనిషికి రాసిన చీటీ అయినా ఆయన అలాగే రాస్తాడు.

మొదటి గడిలో పేరు మీద తెల్ల కాగితం ముక్క. దాని మీద తొమ్మిది. అక్క ఆ ఫారాన్ని కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి వెలుతురుకు అడ్డం పట్టింది. నూట పన్నెండు మంది ఆమె మాట నమ్మి రాసిచ్చిన కాగితాలవి. మూడేళ్ళలో ఎప్పుడూ అలాంటి పని చెయ్యలేదు.

కాగితం వెనకనుంచి చెల్లెలి పేరు కనబడింది.

పేరుతో ఆగిపోయినా బాగుండేది. పక్క గడిలో ‘ఆఖరిసారి ఏ సందర్భంలో?’ అని ఉంటుంది. అక్కడ ఆయన రాశాడు: ‘ఇదంతా వదిలేద్దామనుకున్న రోజు.’

ఏ రోజది? చల్లగా ఉంచవలసిన మందుల్ని చేత్తో పట్టుకుపోగలిగే చిన్న పెట్టె ఆయన తయారుచేస్తున్నాడు. ఐదేళ్ళ కష్టం. దాన్ని వదిలేద్దామనుకున్న రోజున కూడా పైకి వచ్చి, చేతులు కడుక్కుని, భోంచేసి, “అంతా బాగానే ఉంది” అనే అని ఉంటాడు. రోజూ అలాగే అంటాడు.

నాన్న కూడా అంతే. డాక్టరు చెప్పిన మాట ముందు చిన్నదానికే చెప్పాడు. అక్కకు నాలుగు రోజుల తర్వాత తెలిసింది. “నువ్వు పరీక్ష పేపర్లు దిద్దుకుంటున్నావు కదా అని ఊరుకున్నానమ్మా” అన్నాడు. ఆ నాలుగు రోజులూ ఆమె పేపర్లు దిద్దింది. నాన్నకు మిగిలినవి ఇరవై ఆరు రోజులు. ఆమెకు దక్కినవి ఇరవై రెండు.

కంప్యూటరులో గీత పడితే ఒకటి, పడకపోతే సున్నా. నలభై ఒకటో వరస, తొమ్మిదో గడి. అక్కడ ఒకటి ఉంది. అంటే చెల్లెలు కూడా ఆయన పేరే రాసిందన్నమాట. అక్క ఆ ఒకటి తీసి సున్నా కొట్టింది. చెల్లెలు లేకపోతే ఎలా ఉంటుందో ఒకసారి చూద్దామనుకుంది. అంతే అనుకుంది.

పటం రెండు ముక్కలైంది. అంతమందినీ ఒక్కటిగా పట్టుకుని ఉన్నది ఆ ఒక్క గీతేనని అప్పటిదాకా ఆమెకూ తెలియదు.

తిరిగి ఒకటి కొట్టేలోపు వెనక ప్రొఫెసరు గారు వచ్చి నిలబడ్డారు. కళ్ళద్దాలు నుదుటి మీదికి తోసి చాలాసేపు చూశారు. “రెండు గుంపుల మధ్య ఒక్క వంతెన లేదు. ఇన్నాళ్ళకు అసలు సంగతి పట్టుకున్నావు అమ్మాయ్” అన్నారు. మెచ్చుకోలు ఆయన నోట అంత సులభంగా రాదు.

అక్క ఏమీ అనలేదు. ఆ రోజు ఊరుకున్నందుకు ఇవాళ చెల్లెలు ముందుగదిలో కూర్చుని ఏడుస్తోంది.

భర్త కాఫీ ముట్టుకోకుండానే కిందికి వెళ్ళిపోయాడు. అక్క ఆ కప్పు పట్టుకుని మెట్లు దిగింది.

కింద గదంతా జిగురు వాసన. గోడ పొడుగునా తెల్లటి నురగ పలకలు నిలబెట్టి ఉన్నాయి. బల్ల మీద ఒక పెట్టె సన్నగా గుర్రుమంటోంది. ఆయన అరగంటకోసారి దాని లోపలి చల్లదనం చూసి చీటీ మీద రాసుకుంటాడు. ఇప్పుడు ఇంకో పెట్టె మూతకు రబ్బరు అంచు తొడుగుతున్నాడు.

“కాఫీ వదిలేసి వచ్చారు.”

“అక్కడ పెట్టు.” చేతిలో పని ఆపలేదు. “పాపం, చిన్నమ్మాయికి ఇలా అవుతుందనుకోలేదు.”

“మీరున్నారుగా ఓదార్చడానికి.”

బొటనవేలు రబ్బరు మీద ఆగింది. “అదేం మాట?”

“ఉన్న మాటే. తలుపు తీసినదాన్ని దాటుకుని మీ దగ్గరికి వచ్చింది. అదే అంటున్నా.”

“ఆ రంగం సంగతులు నాకు తెలుసని వచ్చింది.”

“నాకు తెలియవా? మూడేళ్ళుగా నేను చదువుతున్నదేమిటి, కుట్లూ అల్లికలా?”

“ఇప్పుడు నిన్నెవరేమన్నారు?”

“ఎవరూ ఏమీ అనరు. నాతో ఎవరూ ఏమీ అనరు. అదే నా బాధ. ఇదంతా వదిలేద్దామనుకున్న రోజున కూడా మీరు నాతో ఒక్క ముక్క అనలేదు.”

పెట్టె గుర్రుమంటూనే ఉంది. ఆయన రబ్బరు అంచు బల్ల మీద పెట్టాడు.

“ఏమన్నావు?”

తనేమందో అక్కకు అప్పుడు తెలిసింది.

“ఆ మాట నేనెప్పుడూ పైకి అనలేదు,” అన్నాడు నెమ్మదిగా. “చిన్నమ్మాయితో కూడా అలా అనలేదు. ఒక్కచోట రాశాను.”

అక్క కప్పు వైపు చూస్తోంది. కాఫీ మీద మీగడ కడుతోంది.

“చదివావన్నమాట.”

“చదివాను.”

“మరి ఇందాక దాని ముందు ఏ నంబరు ఎవరిదో తెలియదన్నావు.”

కోపగిస్తాడనుకుంది. కోపగిస్తే తనూ నాలుగు మాటలనేది. ఆయన స్టూలు లాక్కుని కూర్చున్నాడు. అంతే.

“నాతో ఎందుకు చెప్పలేదు?” అంది చివరికి. అడగకూడదనుకున్న ప్రశ్న.

“చెప్పాను.”

“ఎప్పుడు?”

“రెండేళ్ళ కిందట. మొదటి యాభై పెట్టెలూ తిరిగొచ్చినప్పుడు. మూతలు సరిగ్గా పట్టక లోపల మందులన్నీ పాడైపోయాయి. ఆ రోజు పైకి వచ్చి ముందు నీతోనే చెప్పాను. నువ్వేం చేశావో గుర్తుందా?”

“ఏం చేశాను?”

“నోటుపుస్తకం తీశావు.”

అక్క కప్పు బల్ల లోపలికి జరిపింది.

“‘ఆగండాగండి, ఆ మాట మళ్ళీ చెప్పండి, చాలా బాగుంది’ అన్నావు. చెప్పాను. రాసుకున్నావు. తర్వాత, మూడో ఏట మీలాంటి వాళ్ళంతా ఇలాగే డీలా పడతారు, భయపడక్కర్లేదు అన్నావు. నిజమే అయి ఉంటుంది, నువ్వు చదువుకున్నదానివి. నాకు మాత్రం ఆ రోజు నాలాంటి వాళ్ళ సంగతి అక్కర్లేకపోయింది.”

“నేను సాయం చేద్దామనే…”

“తెలుసు. అందుకే నిన్నేమీ అనలేదు. తర్వాత చెప్పడం మానేశానంతే.” రబ్బరు అంచు మళ్ళీ చేతిలోకి తీసుకున్నాడు. “చిన్నమ్మాయి ఏం చేసిందో చెప్పనా? ఏమీ చెయ్యలేదు. అంతా విని, ‘ఇవాళ్టికి పని కట్టేసి పడుకో బావా’ అంది.”

“ఆ మాట నేనూ అనగలను.”

“అనలేదుగా.”

మెట్ల మీదనుంచి తల్లి గొంతు వినబడింది. “అల్లుడు గారూ! ఆ పెట్టెల్లో మందులే గాని మనుషుల్ని చల్లబరిచేవి ఏవైనా ఉంటే ఒకటి పైకి పంపించండి. ఇక్కడ మళ్ళీ మొదలైంది!”

“వస్తున్నానత్తయ్యా,” అన్నాడు. లేచి, భార్య పక్కనుంచి రెండడుగులు వేసి ఆగాడు.

“ఒక్కటి చెప్పు. ఫారం చదివినదానివి. గీత ఎందుకు పడలేదో నీకు తెలుసా?”

“డిపార్ట్‌మెంటుకు వెళ్ళొస్తాను,” అంది అక్క.

అది జవాబు కాదని ఇద్దరికీ తెలుసు. ఆయన రెట్టించి అడగలేదు. అడిగి ఉంటే చెప్పేసేదేమో.

సంచీ భుజాన వేసుకుని బయల్దేరుతుంటే గుమ్మం దగ్గర చెల్లెలు చెయ్యి పట్టుకుంది.

“నా కోసమే వెళ్తున్నావు కదూ?”

“ఊఁ.”

“ముందు నీ దగ్గరికే రావాలనుకున్నా అక్కా. రాత్రంతా అదే ఆలోచన. కానీ రిపోర్టు నీది. నీ వల్లే నా ఉద్యోగం పోతోందంటే నువ్వు ఎంత కుమిలిపోతావో నాకు తెలీదా? అందుకే బావతో మెల్లగా చెప్పిద్దామని వచ్చా. నువ్వు వంటింట్లోంచి వింటున్నావని తెలిశాక ఇక దాచి ఏం లాభమనిపించింది.”

అక్క ఆమె ముఖంలోకి చూడలేకపోయింది. చెల్లెలి చొక్కా కాలరు ఒకవైపు లోపలికి మడిచి ఉంది. దాన్ని సరిచేసింది.

“చూశావా,” అంది చెల్లెలు తల్లితో, “ఇలాంటప్పుడు కూడా నా బట్టల్లో వంకలు చూస్తుంది.”

“చూడనీవే. అలా చూసేవాళ్ళు ఉండాలి,” అంది తల్లి. “పెద్దదానా, గొడుగు తీసుకెళ్ళు. ఏమీ తినలేదు నువ్వు. దోవలో ఏదైనా తిను.”

అక్క గొడుగు తీసుకుంది. దోవలో ఏమీ తినలేదు.

శనివారం కావడంతో డిపార్ట్‌మెంటు వసారా అంతా ఖాళీగా ఉంది. ఒక్క ప్రొఫెసరు గారి గది మాత్రం తెరిచి ఉంది. ఆయన వరస కింద స్కేలు పెట్టుకుని అచ్చు ప్రతి దిద్దుకుంటున్నారు. ఒక్కో వరస అయ్యాక స్కేలు కిందికి జరుపుతారు. ఆమె వచ్చి నిలబడ్డాక కూడా ఆ వరస పూర్తయ్యేదాకా తల ఎత్తలేదు.

“రా అమ్మాయ్. శనివారం పూట ఇలా వచ్చావేం?”

“నలభై ఒకటో వరస, తొమ్మిదో గడి. అక్కడ ఒకటి ఉండాలండీ. సున్నా ఉంది.”

ఆయన స్కేలు వదిలేశారు. కంప్యూటరు తెరవలేదు. పటం ఆయనకు కంఠస్థమే.

“అదొక్కటి ఉంటే రెండు గుంపులూ కలిసిపోతాయి కదూ?”

“అవునండి.”

“పొరపాటున పడిందా?”

అడగడంలోనే ఒక దారి చూపించారు. పొరపాటే అంటే సరిపోయేది. మనుషులన్నాక పొరపాట్లు జరుగుతాయి, సవరించుకుందాం అనేవారు. కిటికీ బయట ఎవరో సైకిలు స్టాండు వేసిన చప్పుడైంది. ఆ చప్పుడు ఆగేదాకా అక్క ఆ దారి వైపు చూసింది.

“కాదండీ. నేనే మార్చాను.”

ఆయన కళ్ళద్దాలు తీసి బల్ల మీద పెట్టారు. అవి లేకపోతే ఆయన ముఖం బాగా పెద్దవయసు మనిషిదిలా ఉంటుంది.

“నలభై ఒకటి మీ ఆయనా?”

“అవునండి.”

“తొమ్మిది?”

“మా చెల్లెలు.”

ఎందుకు చేశావని ఆయన అడగలేదు. అచ్చు ప్రతి కాగితాలు ఒకదాని మీద ఒకటి పేర్చి, అంచులు సరిచేసి, బోర్లా పెట్టారు.

“సోమవారం పదింటికి సంస్థకు ఉత్తరం రాస్తాను. పటం తప్పని రాయాలి. ఎందుకు తప్పయిందో కూడా రాయాలి. దాని మీద నీ సంతకం ఉండాలి.”

“చేస్తానండి.”

“మీ చెల్లెలి ఉద్యోగం నిలబడవచ్చు. నీ మూడేళ్ళ పని నిలబడుతుందో లేదో కమిటీ చెప్పాలి. నేను నీ తరఫున మాట్లాడతానని మాటివ్వలేను.”

“అడగనండి.”

“ఆ ఉత్తరం పదిమందీ చదువుతారు. మీ చెల్లెలు చదువుతుంది. రేపో మాపో మీ ఆయన చదువుతాడు. ఇంట్లో చెప్పావా?”

“లేదండీ. ముందు మీకే చెబుతున్నాను.”

అన్నాక ఆ మాట ఆమె చెవిలోనే ఉండిపోయింది. కుర్చీ చేతిని గట్టిగా పట్టుకుంది. పొద్దున్న భర్త కింద గదిలో అంత దగ్గరగా నిలబడి అడిగాడు. అప్పుడు చెప్పలేదు. సందు మలుపులోనో, బస్సు దిగాకో, ఈ వసారాలోనో వెనక్కి తిరిగి ఇంటికి పోయి ఉండవచ్చు. పోలేదు. చిక్కు వచ్చింది. ముందుగా చెప్పుకోవడానికి నాలుగు కిలోమీటర్లు వచ్చి ఈ పెద్దమనిషిని వెతుక్కుంది.

“ఈ రెండు రోజుల్లో చెప్పు,” అన్నారు ప్రొఫెసరు గారు. “ఉత్తరంలో చదివి తెలుసుకోవలసిన సంగతి కాదది.”

కళ్ళద్దాలు మళ్ళీ పెట్టుకున్నారు. కాగితాలు మాత్రం తిప్పలేదు. ఇక వెళ్ళమని అర్థం.

మెట్లు దిగుతుండగా ఫోను మోగింది. భర్తే. పగటిపూట ఫోను చేసే అలవాటు ఆయనకు లేదు.

“ఎక్కడున్నావు?”

“మెట్ల మీద.”

“పనయిందా?”

“అయింది.” రెయిలింగు పట్టుకుని నిలబడింది. “మీతో ఒకటి చెప్పాలి.”

“నేనూ ఒకటి చెప్పాలి.” ఆయన గొంతు ఎప్పటిలా లేదు. మాట కోసం వెతుక్కుంటున్నట్టుంది. “నువ్వు వెళ్ళాక ఇక్కడే కూర్చుండిపోయాను. పని చెయ్యబుద్ధి కాలేదు. పొద్దున్న నువ్వన్నది నిజమే. ఒక్కసారి నువ్వు పుస్తకం తీశావని రెండేళ్ళు నోరు కట్టుకున్నాను. అంత శిక్ష వెయ్యకూడదు.”

“అలా అనకండి.”

“అననీ. ఒక సంగతి ఉంది. వారం నుంచి మనసులో పెట్టుకుని తిరుగుతున్నాను. ఎవరికీ చెప్పలేదు. చిన్నమ్మాయి పొద్దున్న అంతసేపు ఉంది కదా, దానికీ చెప్పలేదు. ఈసారి ముందు నీకే చెప్పాలనుకున్నాను.”

కింద మెట్టు మీద ఎవరో పడేసిన సుద్దముక్క ఉంది. అక్క దానివైపే చూస్తోంది.

ఈ మాట ఆయన నోట వినాలని ఎన్నాళ్ళ నుంచి అనుకుంటోందో ఆమెకే లెక్క తెలియదు. ఇప్పుడు తను నోరు విప్పితే, మీ మరదలి పేరు చెరిపేసింది నేనేనంటే, ఆయన చెప్పబోయేది ఆగిపోతుంది. ఇవాళే కాదు, ఎప్పటికీ ఆగిపోతుంది. దాన్ని మళ్ళీ వేరే ఎవరి గుమ్మంలోనో చెప్పుకుంటాడు.

“ఉన్నావా?”

“ఉన్నాను.”

“నువ్వేదో చెప్పాలన్నావు. ఏమిటది?”

“నాదేముంది లెండి,” అంది అక్క. “ముందు మీరు చెప్పండి.”